చేసిన బొమ్మను తిననివ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి శ్రీ నారా లోకేష్ గారికి,
ఆత్మకూరు నుంచి ఒక తల్లి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా,

శనివారం పిల్లలు పుస్తకాల సంచి మోయనక్కర్లేదని మీరు ప్రకటించినప్పుడు పిల్లలతో పాటు మేమూ సంతోషపడ్డాం. ఆ సంతోషం ఇంకా ఉంది. సంచి దింపిన చేతుల్లో ఏం పెట్టాలన్నదే నా సమస్య. మీరు ఇచ్చిన శనివారం మంచిది. దాన్ని మా ఊళ్ళలో నింపుతున్న తీరు మటుకు బాగా లేదు. దాని గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పడం నాకు చేతకాదు. ఒక సంగటి కొండ కథ చెబుతాను.

ఆ మధ్య ఒక శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి తరగతి వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. రేపు ఆర్ట్ పీరియడ్‌లో ఫుడ్ ఆర్ట్, ఇంటి నుంచి కూరగాయలో పండ్లో తెచ్చుకుని బొమ్మలు చెయ్యాలి, మంచిదానికి బహుమతి అని. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. ఏ ఊళ్ళో అడిగినా ఇంచుమించు ఇదే కథ చెబుతారు. ఆ బడిలో డ్రాయింగ్ మాస్టారు రిటైరైనప్పటి నుంచి ఆయన పీరియడ్ ఎవరికి ఖాళీ ఉంటే వాళ్ళకు పోతోంది. ఆ వారం లెక్కల సారుకు పడింది. ఆయన మంచి మనిషి, పాఠం బాగా చెబుతాడు. డ్రాయింగ్ లోయరూ హయ్యరూ పాసై వచ్చిన మనిషి చెయ్యాల్సిన పని ఆయన నెత్తిన పడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మెసేజి వచ్చిన గంటకల్లా బస్టాండు దగ్గర పండ్ల బండి మీద పుచ్చకాయలు అయిపోయాయి. కొట్లో పళ్ళపుల్లల డబ్బాలూ అయిపోయాయి. పుచ్చకాయను హంసగా కొయ్యడం ఎట్లాగో చూపించే యూట్యూబ్ వీడియో ఒకటి అమ్మల ఫోన్లలో చేతులు మారింది. పిల్లల పేరు మీద పెద్దవాళ్ళం రాసే పరీక్షల్లో ఇదొకటి, మీకు తెలియందేం కాదు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నా పుట్టిల్లు ఉదయగిరి. సెలవులొస్తే దానికి అమ్మమ్మ ఇల్లే లోకం. ఆ ఇంటి వాకిట్లో నిలబడితే కళ్ళెదురుగా దుర్గం కనబడుతుంది. "అమ్మా, నేను దుర్గం చేస్తా" అంది. దేంతో చేస్తావే అంటే, "సంగటితో" అంది. నాకు నవ్వొచ్చింది. "రంగు అదే కదా!" అంది మళ్ళీ. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఆ కొండను చూసినవాళ్ళెవరూ ఆ మాట కాదనలేరు.

మీ ఇంట్లో సంగటి చేస్తారో లేదో నాకు తెలీదు గాని, దాని లక్షణం కొంచెం చెప్పాలి. ఎసట్లో నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి మూత పెడతాం. పిండి మగ్గాక తెడ్డుతో కెలుకుతాం. దించిన వెంటనే చెయ్యి పెడితే కాలుతుంది, ముద్ద నిలవదు, జారిపోతుంది. చల్లారాక పైన పొర కట్టి, వంచబోతే పగులుతుంది. ఈ రెంటికీ మధ్య కాసేపు, తడి చేత్తో ఏ ఆకారం ఇస్తే ఆ ఆకారం తీసుకుంటుంది. ఆ కాసేపట్లోనే పని కావాలి. అందుకని పొద్దున చేసిన సంగటిని మూతగిన్నెలో పెట్టి, పాత టవలు చుట్టి పంపించాను. ఒక చెంబుతో నీళ్ళు, గుప్పెడు శెనక్కాయ గింజలు, కొంచెం గోంగూర పచ్చడి, అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక నర్ది చెక్క స్పూను దాని సరంజామా.

బడిలో జరిగింది ఇంటికొచ్చాక చేతులు తిప్పుతూ చెప్పింది. ముందు ముద్దను పళ్ళెంలో బోర్లించి కొండలాగా నిలబెట్టబోతే ఒక పక్కకు ఒరిగిపోయింది. ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తని, దాని పక్కల్లో వెయ్యి అడుగుల దాకా నిట్టనిలువు బండలున్నాయని వాళ్ళ తాత చెప్పింది దానికి గుర్తుంది. ఆ నిలువు గోడే తనకు కావాలి, సంగటి దాన్ని ఇవ్వనంటోంది. ఆగింది. కొంచెం చల్లారనిచ్చి, స్పూను వెనకభాగం నీళ్ళలో ముంచి కింది నుంచి పైకి అద్దుకుంటూ వచ్చింది. స్టీలు స్పూనైతే అంటుకుని ముద్దను పీక్కొస్తోందట, తడిపిన చెక్క స్పూను జారుతోందట. ఈ తేడా దానికి ఎవరూ చెప్పలేదు. అటు ఒక పక్క గోడ నిలబడింది. ఇంకో పక్క స్పూను అంచుతో వంకర టింకరగా దారి గీసింది. పాత రోజుల్లో ఇక్కడ మొత్తం పదమూడు కోటలుండేవని, ఎనిమిది కొండ మీద, ఐదు కింద అని జిల్లా చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఎనిమిది శెనక్కాయ గింజలు పైన గుచ్చింది, ఐదు కింద పెట్టింది. గోంగూర పచ్చడి చుట్టూ పూసి అడివి అంది.

ఆ దారి గీస్తున్నప్పుడు దానికొక సందేహం వచ్చిందట. ఇంత నిలువుగా ఉంటే కృష్ణదేవరాయలు ఎట్లా ఎక్కాడు? వాళ్ళ సోషల్ పుస్తకంలో ఉండేది ఒక్క వాక్యం: రాయలు గజపతుల నుంచి ఉదయగిరిని జయించాడు. ఆ ఒక్క వాక్యం వెనక ఏడాదిన్నర దాకా సాగిన ముట్టడి ఉంది. బండలు పగలగొట్టి సైన్యానికి దారులు చేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. 1514లో కోట చేజిక్కింది. వెళ్తూ వెళ్తూ రాయలు మా ఉదయగిరి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయాడు. ఆయన కోసమే అక్కడ గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. వెన్న దొంగ మా ఊరివాడేనన్న సంగతి ఉదయగిరి పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఒక శనివారం అడిగించి చూడండి. ఇదంతా ఆ రాత్రి నేను దానికి చెప్పాల్సి వచ్చింది, రాయలు ఆ కొండ ఎట్లా ఎక్కాడన్న ప్రశ్నతో మొదలై. నేను చదువుకునేటప్పుడు నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

బహుమతి పుచ్చకాయ హంసకు వచ్చింది. అందులో నాకు ఇబ్బంది లేదు. హంస బాగానే ఉంది, ఎవరు కోశారో నాకు తెలుసు, వాళ్ళ చెయ్యి నిజంగా నేర్పున్న చెయ్యి. మా దాన్ని చూసి "రంగుల్లేవు కదమ్మా" అన్నారట. అది కూడా పోనీండి. నాకు మింగుడుపడనిది ఆ తర్వాత జరిగింది.

బొమ్మలన్నీ బల్లల మీద వరసగా పెట్టించి, ఫొటోలు తీసి పంపేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. నెట్ సరిగ్గా లేదు. ఫొటోలు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండకు సంగటి పగుళ్ళిచ్చింది, హంస నీరుగారింది, ఈగలు ముసిరాయి. అదే సమయానికి పక్క వరండాలో మధ్యాహ్న భోజనం వడ్డిస్తున్నారు. పిల్లలు ఇటు అన్నం తింటుంటే అటు బల్లల మీది తిండి చెత్తబుట్టలోకి పోయింది. పారెయ్యడమెందుకు, ఎనుములకు పెడతానని వంట ఆయా గంప తెచ్చిందట. వంగి చూసి, "ఈ పుల్లలుంటే ఎనుములకు గూడా పెట్టలేం గదమ్మా, గొంతులో గుచ్చుకోవూ?" అని గంప పక్కన పెట్టేసిందట. క్యారెట్టు పూలకూ దోసకాయ మొసలికీ హంస మెడకూ అన్నిటికీ పళ్ళపుల్లలే ఆధారం మరి. పిల్లలు తినక, పశువులు తినలేక పోయిన తిండి అది.

మీ ప్రభుత్వమే మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. గోదావరి లంకల్లో వేళాపాళా చూడకుండా ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆమె పేరున వడ్డన జరుగుతున్న వరండా పక్కనే ఇట్లా జరగడం ఎవరూ కావాలని చేసింది కాదు. తిండితో బొమ్మ చెయ్యమన్నవాళ్ళు, ఆ బొమ్మ చివరికి ఎక్కడికి పోవాలన్నది ఆలోచించలేదు, అంతే.

మా అమ్మకు ఫోన్లో చెబితే కోప్పడింది. "తిండితో ఆటలేందే? వానల్లేక గంజి కూడా దొరకని రోజులు చూసినోళ్ళం మేం" అంది. మెట్ట ప్రాంతం మాది. సోమశిల నీళ్ళు కొన్ని ఊళ్ళకొచ్చాయి, చాలా ఊళ్ళకు రాలేదు. ఉదయగిరి, సీతారాంపురం వైపు ఇప్పటికీ ఆకాశం చూసే సేద్యం. మా అమ్మ మాటను తోసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అయినా ఆమె ఇంట్లో నేను పెరిగిన తీరు గుర్తుచేసుకుంటే, తిండితో బొమ్మలు చెయ్యని పండగ ఒక్కటీ గుర్తుకు రాలేదు.

పూజ మొదలయ్యేది పసుపు ముద్దను వేళ్ళతో నొక్కి వినాయకుడని నిలబెట్టడంతో. శ్రావణ శనివారాల్లో బియ్యప్పిండి, బెల్లం కలిపి పిసికి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసి దీపం పెడతాం. దీపం కొండెక్కాక ఆ ప్రమిదనే తుంచి ప్రసాదమని అందరికీ పంచుతాం. ఒత్తి కాలిన చోట కొంచెం నల్లగా, నేతి వాసనతో ఉండే ఆ ముక్క కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. తిరునాళ్ళలో చెక్క అచ్చుల్లో పాకం పోసి తీసిన పంచదార చిలకలు కొనిపిస్తే ముక్కు నుంచి మొదలుపెట్టి తోక దాకా తినడం ఒక పద్ధతి. నాలాంటి పిరికివాళ్ళు తోక నుంచి మొదలుపెట్టేవాళ్ళు, ముఖం కాసేపు ఉంటుందని. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన కాయలూ కంకులూ తర్వాత వంటింట్లోకే చేరతాయి. ఆషాఢంలో బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని శాకంబరిగా కూరగాయలతో అలంకరించి, కదంబం ప్రసాదం పంచుతారు. మన నెల్లూరులో, స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో కోరికను బట్టి రొట్టెకు పేరుంటుంది. చదువు కావాల్సినవాళ్ళు విద్య రొట్టె పుచ్చుకుంటారు. పుచ్చుకున్న రొట్టెను తింటారు.

వీటన్నిటిలో తిండికి రూపం ఉంది, అందం ఉంది, చేసినవాళ్ళ నేర్పు ఉంది. పసుపు వినాయకుడు నీళ్ళలో కలుస్తాడు, మిగిలినవి నోటికి చేరతాయి. చెత్తకుప్పకు చేరేది ఒక్కటీ లేదు. మా అమ్మ కోప్పడింది బొమ్మ చేసినందుకు కాదని, ఆ బొమ్మ చివరికి పోయిన చోటికని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇంకొక తేడా కూడా ఉంది, కళ నేర్పేవాళ్ళు గమనించాల్సిన తేడా. మన ఇళ్ళలో తిండి బొమ్మలు చాలామటుకు పిసికి, ఒత్తి, అచ్చు పోసి చేసేవి. చేతిలోకి తీసుకున్నదంతా బొమ్మలోనే ఉంటుంది. కూరగాయను చెక్కితే సగం తొక్కా తరుగూ అవుతుంది, పైగా ఎనిమిదో తరగతి పిల్ల చేతికి కత్తి ఇవ్వాలి. చలిమిడికీ సంగటికీ కత్తి అక్కర్లేదు, కడిగిన చేతులు చాలు. తప్పు చేస్తే మళ్ళీ ముద్ద చేసి మొదలుపెట్టొచ్చు. పుచ్చకాయ మెడ తెగితే ఇంకో పుచ్చకాయ కొనాలి. కొనలేని ఇంటి పిల్లలు ఆ శనివారం బడి మానేస్తారు. ఆ రోజు ఇద్దరు ముగ్గురు మానేశారని మా అమ్మాయి చెప్పింది. కడుపునొప్పి అన్నారట.

ఇతర దేశాల్లో చెయ్యడం లేదా అని ఎవరైనా అడగొచ్చు. చేస్తున్నారు, బ్రహ్మాండంగా చేస్తున్నారు. టిబెట్ బౌద్ధ సన్యాసులు వెన్నతో పూలూ దేవతల బొమ్మలూ చేస్తారు. ఒంటి వేడికి వెన్న కరక్కుండా చన్నీళ్ళలో వేళ్ళు ముంచుకుంటూ గంటల తరబడి పని చేస్తారు. మెక్సికోలో వహాకా అనే ఊళ్ళో 1897 నుంచి ఏటా డిసెంబరు 23న ముల్లంగి పండగ జరుగుతుంది. ముల్లంగులను మనుషులుగా, జంతువులుగా, క్రీస్తు పుట్టిన పశువుల పాకగా చెక్కి, వాడిపోకుండా నీళ్ళు చల్లుకుంటూ జనానికి చూపిస్తారు. ఆ ముల్లంగులు తినేవి కావు, నిజమే. కానీ అవి తినడానికి పండించినవీ కావు, ఆ పండగ కోసమే వేసిన పంట. వాళ్ళ పద్ధతి వాళ్ళ ఊరి నుంచి పుట్టింది. మనకు మాత్రం శుక్రవారం రాత్రి ఫోన్లో దిగిన హంస ఎందుకు?

ఇక అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయి చేతిలోని ఆ నర్ది స్పూను ఎక్కడిదో చెప్పాలి. ఉదయగిరిలో దిలావర్ భాయ్ వీధి అని ఒకటుంది. ఆ వీధిలో ఇంటింటా చెక్కతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, వాళ్ళలోనూ ఆడవాళ్ళు. నర్ది, బిక్కి, కలివి లాంటి చెక్క దుర్గం అడవి నుంచే రావాలి. ఉదయగిరి చెక్క స్పూన్లకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. లేపాక్షి షోరూముల్లో వాటిని అద్దాల వెనక పెట్టి అమ్ముతారు. ఆ వీధిలో అరుగు మీద కూర్చున్న ఒక అమ్మ చేతులు చూడాలి మీరు. చిన్న రంపంతో ముక్క కోసి, ఆకురాయితో రాస్తూ రాస్తూ స్పూను మెడ దగ్గరకు వచ్చేసరికి రాయడం ఆపి, వేలితో తడిమి చూసి, మళ్ళీ ఒక్క రెండు గీతలు గీస్తుంది. ఇంకో రెండు గీతలు పడితే మెడ విరుగుతుంది. ఎక్కడ ఆపాలో ఆమె వేలికి తెలుసు. ఆ తర్వాత ఉప్పుకాగితం. కాడ మీద పూలూ లతలూ కంటికి ఆనీ ఆననంత సన్నగా తీస్తారు. సంగటి ఎప్పుడు జారుతుందో ఎప్పుడు పగులుతుందో మా అమ్మాయి ఒక్క పూటలో తెలుసుకున్నది ఏ జాతి విద్యో, ఆ అమ్మ వేలికున్నదీ ఆ జాతి విద్యే. కాకపోతే ఆమెకది ఒక జీవితకాలం పట్టింది.

ఆమెను బడికి పిలవాలని ఎవరికీ తోచదు. ఆమె పిల్లలు అదే ఊళ్ళో బడికి పోతున్నారు, వాళ్ళు కూడా శనివారం పుచ్చకాయ తీసుకుపోతున్నారు.

ఇది నా సొంత కోరిక అనుకోకండి. 2020 జాతీయ విద్యా విధానం ఈ మాటే చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు పది రోజులు సంచి లేకుండా, స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని అందులో ఉంది. ఊళ్ళో ఉన్న కళాకారులను, చేతిపనివాళ్ళను బడుల్లో బోధకులుగా పెట్టుకోవాలనీ ఉంది. దానికి 2024 జులైలో మార్గదర్శకాలు కూడా వచ్చాయి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మీరు సంచి లేని రోజులను పది దగ్గర ఆపకుండా ప్రతి శనివారానికీ పెంచారు. అంత పెద్ద మనసు చేసుకున్నవారు ఇంకొక్క అడుగు వెయ్యాలి.

ఉదయగిరి, ఆత్మకూరు మండలాల బడుల్లో నెలకొక శనివారం ఈ చేతిపనివాళ్ళకు వదిలిపెట్టండి. పిల్లలు ఒక నర్ది ముక్కను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దడం నేర్చుకుంటే చాలు, తొలి ఏడాదికి అంతకంటే ఆశ పెట్టుకోవద్దు. తిండి బొమ్మల శనివారం ఉండనివ్వండి, తీసెయ్యమని నేను అడగడం లేదు. ఆ రోజుకు సంగటి, చలిమిడి, ఉడికించిన చిలగడదుంప, మా వైపు తోటల బత్తాయి, ఇట్లా ఇంట్లో ఉన్నవి, కాలానికి దొరికేవి తెమ్మనండి. సబ్బుతో చేతులు కడిగించండి. పళ్ళపుల్లలు బడి గేటు దాటి లోపలికి రాకూడదు. భోజనం గంట కొట్టేసరికి చేసిన బొమ్మ పళ్ళెంలో ఉండాలి, పక్కవాడికి ఒక ముద్ద పెట్టి తినాలి. ఫొటో కావాలంటే తినేటప్పుడు తీసుకోండి. బహుమతి ఎత్తెయ్యండి, అప్పుడు అమ్మలం మా ఇళ్ళలో మేం ప్రశాంతంగా పడుకుంటాం.

శుచి మాటేమిటి, పిల్లలు పిసికింది పిల్లలు తినడమా అని అధికారులెవరైనా అభ్యంతరం చెబుతారని నాకు తెలుసు. ఎవరి ముద్ద వాళ్ళు పిసికి, దాంట్లోంచే పక్కవాడికి పెట్టడం ఈ దేశంలో అమ్మల దగ్గర నేర్చుకున్న పనే. జాగ్రత్తకు చిన్న చిన్న ముద్దలు చేయించండి, తాజాగా చేసినవే వాడించండి, గంట సేపటికి మించి బయట ఉంచొద్దనండి. ఇవి అంతు చిక్కని సమస్యలు కావు.

అన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. దిలావర్ భాయ్ వీధి అమ్మ ఒక పూట బడికొస్తే ఆ పూట ఆమె చేతిలో స్పూను తయారు కాదు. శాలువా కప్పి, ఒక జ్ఞాపిక చేతిలో పెట్టి పంపించే అలవాటు మన బడుల్లో బాగా ఉంది. జ్ఞాపికతో బియ్యం రావు. ఆమె ఒక పూటలో సంపాదించేదానికి తగ్గకుండా, బడికొచ్చిన రోజే, ఆమె పేరున బ్యాంకులో పడేలా చూడండి. ఎంత ఇవ్వాలో అమరావతిలో కూర్చుని లెక్కగట్టొద్దు, ఆ వీధిలోకి ఒక మనిషిని పంపి అడిగించండి. వాళ్ళు ఎక్కువ అడగరు. అందుకే తక్కువ ఇవ్వడానికి అందరికీ వీలవుతోంది.

ఇట్లు,
ఎనిమిదో తరగతి పిల్ల తల్లి,
ఆత్మకూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా